వేరు కథ: సర్పగంధ నుంచి బీపీ మాత్ర దాకా

మా మామిడికుదురులో మీకు బీపీ ఉందని పొరపాటున పైకి అన్నారనుకోండి, ఇంటికి చేరేలోపు కనీసం నాలుగు మందులు చెప్తారు. ఒకాయన పరగడుపున వెల్లుల్లి రెబ్బలు మింగమంటారు. ఒకావిడ మునగాకు రసం అంటారు. ఇంకొకాయన తమ్ముడిగారి వియ్యంకుడికి తగ్గిందని ఏదో వేరు పొడి పేరు చెప్తారు. అందరూ చివర్లో అనే మాట మాత్రం ఒకటే: "ఆయ్, ఇంగ్లీషు మందు మొదలెట్టకండి బాబూ, ఇంక జన్మలో మానలేరు. ఇదైతే చెట్టు మందండి, సైడ్ ఎఫెక్టులుండవు."

హైదరాబాదులో మా ఆఫీసులో వరస ఇంకోలా ఉంటుంది. అక్కడ మూలికల పేరెత్తితే నవ్వు. "అదంతా నాటు వైద్యం, సైన్సు కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మళ్ళీ వాళ్ళే అమెరికా నుంచి వచ్చేటప్పుడు అమ్మానాన్నలకి సూట్‌కేసులో వెల్లుల్లి గుళికలూ, చేపనూనె గుళికలూ డబ్బాలకి డబ్బాలు మోసుకొస్తారు, అది వేరే సంగతి :-)

ఈ రెండు పార్టీల వాళ్ళతోనూ వాదించీ వాదించీ విసుగొచ్చి ఈ టపా మొదలుపెట్టాను. బీపీకి మూలికలు పనిచేస్తాయా అన్న ప్రశ్నకి చరిత్రలో ఒక పెద్ద జవాబే ఉంది. కాకపోతే అది ఈ ఇద్దరిలో ఎవరికీ పూర్తిగా నచ్చదు. ఆధునిక వైద్యం చేతికొచ్చిన తొలితరం బీపీ మాత్రల్లో ఒకటి మన దేశపు అడవుల్లో పెరిగే ఒక మొక్క వేరులోంచి వచ్చింది. ఆ మొక్క సర్పగంధ. తెలుగులో పాతాళగంధి అని కూడా అంటారు.

ముందు ఒక చిన్న విషయం. బీపీ అనేది చూస్తే కనబడే జబ్బు కాదు, కొలిస్తే తెలిసేది. 1733లో స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు గుర్రం రక్తనాళంలోకి గొట్టం దూర్చి అందులో రక్తం ఎంత ఎత్తుకి లేస్తుందో కొలిచిన సంగతి పుస్తకంగా వేశాడు. మనిషికి గొట్టం దూర్చకుండా, చేతికి పట్టీ కట్టి కొలిచే పద్ధతి 1896లో ఇటలీలో రీవా-రోచీ కనిపెట్టాడు. ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి వినే పద్ధతి 1905లో రష్యాలో కోరొత్కోవ్ చెప్పాడు. మీ డాక్టరుగారు ఈరోజుకీ చేసేది అదే. కాబట్టి "మన ప్రాచీన గ్రంథాల్లో బీపీకి మందుంది" అని ఎవరైనా అంటే కొంచెం ఆగి ఆలోచించాలి. కొలిచే సాధనమే లేని కాలంలో 160ని 130కి దించిన మందని ఎవరికి తెలుస్తుంది? సర్పగంధ మన వాళ్ళకి చాలా కాలం నుంచీ తెలుసు, నిజమే. కానీ తెలిసింది వేరే పనులకి.

పేరులోనే పాము ఉంది కదా, పాముకాటుకి వాడేవారు. ముంగిస పాముతో పోట్లాడే ముందు ఈ వేరు నమిలి వెళ్తుందని కథలు కూడా చెప్పుకునేవారు. బీహార్ వైపు దీని పొడిని 'పాగల్ కీ దవా', అంటే పిచ్చి మందు అని అమ్మేవారు. ఏడుపు మానని పసిపిల్లల్ని నిద్రపుచ్చడానికి కూడా పెట్టేవారట. 1563లో గోవాలో అచ్చయిన తన పుస్తకంలో గార్సియా ద ఒర్తా అనే పోర్చుగీసు వైద్యుడు పాముకాటుకి వాడే వేళ్ళ గురించి రాశాడు. ఇక దీని శాస్త్రీయ నామం రావుల్ఫియా సర్పెంటైనా. అందులో రావుల్ఫ్ అనేది 16వ శతాబ్దపు జర్మన్ వైద్యుడి పేరు. ఆయన పశ్చిమాసియా దాకా తిరిగాడు గానీ మన దేశానికి రానే లేదు. తర్వాతి కాలపు వృక్షశాస్త్రవేత్త ఆయన మీద గౌరవంతో పెట్టిన పేరది. మొక్క మనది, పేరు ఆయనది. ఇలాంటివి చాలా ఉన్నాయి లెండి.

ఇక అసలు కథ 1931లో మొదలవుతుంది. ఆ ఏడు మన దేశంలో రెండు చోట్ల రెండు పనులు జరిగాయి.

మొదటిది ఢిల్లీలో. హకీమ్ అజ్మల్ ఖాన్ పెట్టిన ఆయుర్వేద, యునానీ తిబ్బీ కళాశాల అక్కడ ఉంది. 1921లో దాన్ని ప్రారంభించింది గాంధీగారు. అజ్మల్ ఖాన్ కోరిక ఏంటంటే మన మూలికల్ని ఆధునిక రసాయనశాస్త్రంతో పరీక్ష చేయించాలని. అందుకోసం జర్మనీలో చదువుకొచ్చిన సలీముజ్జమాన్ సిద్దిఖీని ఎంచుకున్నారు. అజ్మల్ ఖాన్ 1927లో పోయారు. 1931లో సిద్దిఖీ, రఫత్ హుస్సేన్ సిద్దిఖీ కలిసి సర్పగంధ వేరులోంచి కొన్ని ఆల్కలాయిడ్లు స్ఫటికాల రూపంలో విడదీశారు. అందులో ఒకదానికి తమ గురువుగారి పేరు మీద అజ్మలిన్ అని పెట్టారు. అది ఇప్పటికీ బతికే ఉంది, గుండె లయకి సంబంధించిన ఒక వంశపారంపర్య జబ్బుని బయటపెట్టే పరీక్షలో కొన్ని దేశాల డాక్టర్లు దాన్ని వాడతారు.

రెండోది కలకత్తాలో. గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఒక వైద్య పత్రికలో సర్పగంధ మీద వ్యాసం రాశారు. పిచ్చికీ అధిక రక్తపోటుకీ ఇది కొత్త భారతీయ ఔషధం అని వాళ్ళు చెప్పింది. ఈ గణనాథ్ సేన్ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన కవిరాజు, అంటే ఆయుర్వేద వైద్యుడు. అదే సమయంలో పాశ్చాత్య వైద్యం కూడా చదువుకున్న మనిషి. ఒక చేతిలో వేరు పొడి, రెండో చేతిలో బీపీ మిషను. నాకైతే ఈ కథ మొత్తంలో అసలు మలుపు ఇదే అనిపిస్తుంది. వేరు ఎన్నో వందల ఏళ్ళ నుంచీ ఉంది, బీపీ మిషను పాతికేళ్ళ నుంచీ ఉంది, రెండూ ఒక్క మనిషి బల్ల మీద కలిసే సరికి కొత్త సంగతి బయటపడింది.

1933లో కలకత్తాలోనే రామ్‌నాథ్ చోప్రా బృందం జంతువుల మీద పరీక్షలు చేసి వేరు సారం రక్తపోటు తగ్గిస్తోందని చూపించింది. 1934లో హిమాలయా కంపెనీ 'సర్పీనా' పేరుతో మాత్ర తెచ్చింది. కంపెనీ స్థాపకుడు బర్మాలో మదమెక్కిన ఏనుగులకి మావటీలు ఈ వేరు పెట్టడం చూశాడని ఆ కంపెనీ వాళ్ళు చెప్పుకునే కథ.

ఇప్పుడు ఒకసారి సముద్రం దాటి చూద్దాం. 1944 మార్చిలో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్‌ని ఒక గుండె డాక్టరు పరీక్షించాడు. బీపీ 186/108. ప్రపంచంలోకెల్లా పెద్ద మనిషి, ఎంత ఖర్చయినా పెట్టగలడు. ఆయనకిచ్చిన వైద్యమేంటో తెలుసా? గుండెకి డిజిటాలిస్ (అదీ ఆకు మందే!), నిద్రకి ఫినోబార్బిటాల్, ఉప్పు తగ్గించమని సలహా, విశ్రాంతి. బీపీకంటూ సరైన మందు లేదు. 1945 ఏప్రిల్ 12న "తల వెనకాల భయంకరమైన నొప్పి" అంటూ కూలిపోయాడు. అప్పుడు చూస్తే 300/190. మెదడులో రక్తస్రావం. యుద్ధం గెలుస్తున్న దేశపు అధ్యక్షుడికి దొరకని మందు, అదే రోజుల్లో కలకత్తాలో, బొంబాయిలో మామూలు మనుషులకి దొరుకుతోంది!

ఆ రోజుల్లో అమెరికాలో చెప్పుకోదగ్గ ఇంకో వైద్యం ఉంది. డ్యూక్ యూనివర్సిటీలో వాల్టర్ కెంప్నర్ అనే డాక్టరు రోగులకి అన్నమూ పళ్ళూ మాత్రమే పెట్టి బీపీ తగ్గించేవాడు. అన్నం తింటే బీపీ తగ్గుతుందా అని మా గోదావరి వాళ్ళు సంబరపడక్కర్లేదు. ఆ అన్నంలో ఉప్పుండదు, ఆవకాయ అంతకన్నా ఉండదు. ఇప్పుడా డ్యూక్ చుట్టుపక్కల ఊళ్ళ నిండా మన తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్ళే. వాళ్ళ ఫ్రిజ్జుల్లో పచ్చడి సీసాలెన్నో మీకు నేను వేరే చెప్పాలా?

మరి మన వాళ్ళ దగ్గర 1931 నుంచీ ఉన్న మందు రూజ్వెల్ట్ దాకా ఎందుకు వెళ్ళలేదు? వివక్ష అని ఒక్క మాటలో అనేయొచ్చు. అది కొంత నిజం కూడా. కలకత్తా పత్రికలు బోస్టన్‌లో చదివేవాళ్ళు తక్కువ. కానీ అదొక్కటే కాదు. "మా రోగులకి తగ్గింది" అన్న మాటకీ, "ఇంతమందిని ఇలా ఎంచుకుని, ఇంత మోతాదు ఇచ్చి, ఇన్ని వారాలు కొలిస్తే ఇలా వచ్చింది" అన్న మాటకీ చాలా తేడా ఉంది. మా ఫీల్డులో ఒక జోకుంది, "నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోంది" అని. అలా అన్నంత మాత్రాన ఎవరూ రిలీజ్ చెయ్యరు కదా.

ఆ రెండో రకం మాట చెప్పినవాడు బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్. కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రిలో గుండె వైద్యుడు. 50 మంది రోగులకి సర్పగంధ ఇచ్చి, వరసగా బీపీలు కొలిచి, ఎవరికి ఎంత తగ్గిందో, ఎవరికి ఏ ఇబ్బంది వచ్చిందో రాసి 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వేయించాడు. అంతే, 18 ఏళ్ళుగా కదలని బండి కదిలింది. బోస్టన్‌లో రాబర్ట్ విల్కిన్స్ ఆ వ్యాసం చదివి తన రోగుల మీద మొదలుపెట్టాడు. 1952లో స్విట్జర్లాండులో సీబా కంపెనీకి చెందిన మ్యుల్లర్, ష్లిట్లర్, బైన్ అసలు పనిచేసే పదార్థాన్ని పట్టుకున్నారు, పేరు రెసర్పిన్. తమాషా ఏంటంటే అది ఢిల్లీలో విడదీసిన స్ఫటికాల్లో లేదు, మిగిలిన జిగురులాంటి భాగంలో దాక్కుని ఉంది. 'సర్పసిల్' పేరుతో మాత్ర బజారులోకొచ్చింది. 1957లో వకీల్‌కి అమెరికా వాళ్ళ లాస్కర్ అవార్డు వచ్చింది. వైద్యరంగంలో నోబెల్ తర్వాత అంత పేరున్నది అదే. మన దేశంలో మాత్రం ఆ పేరు మా తరంలో ఎంతమందికి తెలుసు?

వేరు పొడి ఎందుకు సరిపోలేదు, ఆ పదార్థాన్ని విడదీయడం ఎందుకంత ముఖ్యం? లెక్క చూడండి. రెసర్పిన్ మోతాదు రోజుకి పావు మిల్లీగ్రాము, ఇంకా తక్కువ కూడా. అంటే గ్రాములో నాలుగు వేల వంతు. వేరులో అదెంత ఉంటుందనేది మొక్క పెరిగిన చోటుని బట్టి, తవ్విన కాలాన్ని బట్టి, వయసుని బట్టి మారిపోతుంది. ఒక చెంచా పొడిలో ఒకసారి సరిపోయేంత ఉండొచ్చు, ఇంకోసారి మూడింతలుండొచ్చు, మరోసారి ఏమీ ఉండకపోవచ్చు. పైగా సర్పగంధకి అమెరికా నుంచొచ్చిన దాయాది ఒకటుంది, మన ఊళ్ళ పక్కన కలుపు మొక్కలా పెరుగుతుంది. దాని వేరుని ఇందులో కల్తీ చేస్తారు. చెంచాతో కొలవడం పప్పులో ఉప్పుకి సరిపోతుంది గానీ ఇలాంటి మందుకి కుదరదు.

మరి ఇది ఒంట్లో చేసే పనేంటి? నరాల చివర్లలో చిన్న చిన్న సంచులుంటాయి. నాళాల్ని బిగించమని, గుండెని వేగంగా కొట్టుకోమని చెప్పే రసాయనాలు ఆ సంచుల్లో నిలవ ఉంటాయి. రెసర్పిన్ ఆ సంచుల్లోకి సరుకు వెళ్ళే దారి మూసేస్తుంది. నిలవ ఖాళీ అయిపోతుంది, నాళాలు వదులవుతాయి, బీపీ దిగుతుంది. మాత్ర మానేసినా ఆ ప్రభావం రోజుల తరబడి ఉంటుంది. అయితే అవే రకం సంచులు మెదడులోనూ ఉన్నాయి. అందుకే పిచ్చి మందుగానూ పనిచేసింది, బీపీ మందుగానూ పనిచేసింది. బీహార్ పల్లెల్లో వాళ్ళ పరిశీలన తప్పు కాదన్నమాట. న్యూయార్క్ దగ్గర నేథన్ క్లైన్ 1954లో దీన్ని మానసిక రోగుల మీద వాడిన ఫలితాలు ప్రకటించాడు. 1955లో రెసర్పిన్ మెదడులోని సెరటోనిన్‌ని ఖాళీ చేస్తుందని బ్రోడీ బృందం చూపించింది. 1957లో స్వీడన్‌లో ఆర్విద్ కార్ల్‌సన్ కుందేళ్ళకి రెసర్పిన్ ఇస్తే అవి కదలకుండా పడిపోయాయి. వాటికి ఎల్-డోపా ఇస్తే లేచి తిరిగాయి. ఇప్పుడు పార్కిన్సన్స్ రోగులకి ఇచ్చే మందుకి దారి అక్కడ పడింది. కార్ల్‌సన్‌కి 2000లో నోబెల్ వచ్చింది. ఒక్క వేరు ఎన్ని తలుపులు తీసిందో చూడండి.

ఇంతవరకూ చదివి మా ఊరి పెద్దలు "చూశావా మరి, మేం చెప్పలేదా" అంటారు. ఆగండి, మిగతా సగం కూడా వినాలి.

సైడ్ ఎఫెక్టులు లేని చెట్టు మందు అన్నారు కదా. సర్పగంధకి అవి బోలెడు. ముక్కు దిబ్బడ, మత్తు, కడుపులో పుళ్ళు, గుండె నెమ్మదించడం. అన్నిటికన్నా పెద్దది మనసు కుంగిపోవడం. 1950లలో పెద్ద పెద్ద మోతాదులు వాడినప్పుడు కొంతమంది బాగా కుంగిపోయారని రిపోర్టులొచ్చాయి. తక్కువ మోతాదులో ఆ ప్రమాదం అంత లేదని తర్వాతి అధ్యయనాలు అన్నాయి గానీ మందుకి చెడ్డపేరు వచ్చేసింది. 1974లో రొమ్ము క్యాన్సరుతో ముడిపెడుతూ లాన్సెట్‌లో వ్యాసాలు వచ్చాయి. తర్వాత అది నిలబడలేదు. ఈలోగా కొత్త మందులొచ్చి దీన్ని పక్కకి తోసేశాయి. మన దేశంలో మాత్రం 'అడెల్ఫేన్' పేరుతో చాలా ఏళ్ళు నడిచింది. మీ ఇంట్లో తాతగారి పాత చీటీలుంటే చూడండి, ఆ పేరు కనబడొచ్చు. అందులో ఉన్నది ఈ వేరు సారమే, ఇంకో మందుతో కలిపి.

చూశారా, సర్పగంధ పనిచేస్తుంది కాబట్టే దానికి సైడ్ ఎఫెక్టులున్నాయి. ఒంట్లో ఏదో ఒకటి మార్చగలిగే పదార్థం, మనం అడిగిందొక్కటే మార్చి ఊరుకోదు. "పనిచేస్తుంది కానీ ఏ ఇబ్బందీ ఉండదు" అని ఎవరైనా హామీ ఇస్తే, ఆ ఇబ్బందుల్ని ఎవరూ లెక్క రాయలేదన్నమాట.

లెక్క రాయడం అంటే గుర్తొచ్చింది. బీపీ తగ్గిస్తే మనిషి నిజంగా ఎక్కువ కాలం బతుకుతాడా అని 1960ల దాకా పెద్ద డాక్టర్లకే అనుమానం. వయసుతో పాటు నాళాలు గట్టిపడితే బీపీ పెరగడం అవసరమేనేమో, తగ్గిస్తే మెదడుకి రక్తం అందదేమో అనుకునేవారు. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఎడ్వర్డ్ ఫ్రీస్ ఆ ప్రశ్న తేల్చాడు. కింది బీపీ 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మంది మగవాళ్ళని తీసుకున్నారు. 73 మందికి మందులు, 70 మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తి మాత్రలు. ఎవరికి ఏది అనేది చీటీ తీసినట్టు నిర్ణయం. 1967లో ఫలితాలు వేశారు. ఉత్తి మాత్రల వాళ్ళలో 27 మందికి పక్షవాతం, గుండె, కిడ్నీ లాంటి తీవ్రమైన దెబ్బలు తగిలాయి, 4గురు చనిపోయారు. మందుల వాళ్ళలో అలాంటివి 2, చావులు సున్నా. ఆ మందులు మూడింటి కలయిక, అందులో ఒకటి రెసర్పిన్. అంటే "బీపీకి వైద్యం చేస్తే ప్రాణాలు నిలబడతాయి" అని ప్రపంచానికి మొట్టమొదట గట్టిగా రుజువు చేసిన పరీక్షలో మన వేరు కూడా ఉంది. 1991లో 60 ఏళ్ళు దాటిన 4,736 మంది మీద అమెరికాలో చేసిన ఇంకో పెద్ద పరీక్షలోనూ అదనపు మందుగా దీన్ని వాడారు. మొత్తం మీద ఆ వైద్యంతో పక్షవాతాలు 36 శాతం తగ్గాయి.

ఇందులో మన తెలుగువాళ్ళ సంగతేంటి అని మీరడగొచ్చు. సర్పగంధ కథలో నేరుగా లేరు గానీ ఇదే గొడవ మన మద్రాసులో ఇంకా ముందే జరిగింది. 1918లో మద్రాసు ప్రభుత్వం డాక్టర్ కోమన్‌ని దేశీ మందుల మీద పరిశోధన చెయ్యమంది. ఆయన నివేదికలో ఆయుర్వేదాన్ని తక్కువ చేశాడని వైద్యులు మండిపడి జవాబు పుస్తకమే వేశారు. ఆ తర్వాత ఉస్మాన్ కమిటీ, 1923లో దాని నివేదిక. అదే కాలంలో మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారు ఉన్నారు. ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదం వైపు వచ్చిన మనిషి. ఆయన కాలేజీలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పిన కుర్రాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఖద్దరు కట్టినందుకు పరీక్షలో పూర్తి డిగ్రీ దక్కలేదంటారు. జిగట విరేచనాల జబ్బుతో అన్నదమ్ములు పోయారు, తనకీ వస్తే లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతోనే బతికాడని ఆయన జీవిత చరిత్రలు చెప్తాయి.

అలాంటి మనిషి ఏం చెయ్యాలి? "ఆయుర్వేదమే నన్ను బతికించింది, ఇంక వేరే సైన్సెందుకు" అనొచ్చు. ఆయనలా అనలేదు. బోస్టన్ వెళ్ళి ఆ మందులో ఏముందో, జబ్బులో ఏం లోపించిందో వెతికే పనిలో పడ్డాడు. 1940లలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. తన అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకి అది పనికొచ్చింది. మా గోదావరి జిల్లాల్లో బోదకాలుకి పంచిన మాత్ర కూడా ఆయన బృందం పరిశోధన ఫలమే. నమ్మకం ఉన్నవాడే పరీక్ష పెట్టాలి. పరీక్ష పెడితే నమ్మకం లేనట్టే అని మన వాళ్ళు ఎందుకనుకుంటారో నాకు అర్థం కాదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా వైపు ఇది పాత కథ కాదు కాబట్టి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో, దాదాపు 1,80,000 జనాభాలో, ఒక ఏడాదిలో జరిగిన ప్రతి చావుకీ కారణం ఏంటని లెక్క తీశారు. ఆస్ట్రేలియాకి చెందిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదు కేర్ ఆసుపత్రి వాళ్ళు, బైర్రాజు ఫౌండేషన్ కలిసి చేసిన పని (అవును, ఆ సత్యం రాజుగారి కుటుంబానిదే). ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి లక్షణాలు అడిగి రాసుకుంటే డాక్టర్లు కారణం తేల్చారు. మొత్తం 1,354 చావులు. అందులో దాదాపు మూడో వంతు, 32 శాతం, గుండె, రక్తనాళాల జబ్బులే. గుండెపోటూ పక్షవాతమూ ఇంచుమించు సమానం. పల్లెల్లో జనం మలేరియాతో, విరేచనాలతో పోతారు, బీపీలు పట్నం జబ్బులు అనుకునే రోజుల్లో వచ్చిన లెక్క ఇది. కొబ్బరి చెట్ల కింద చల్లగా బతుకుతున్నాం, మాకేం బీపీ అనుకునే మా వాళ్ళకి ఇది చెప్పినా నమ్మరు.

మా వీధిలో ఒకాయన ఉండేవారు. రొయ్యల చెరువు లీజుకి చేసేవారు, గట్టి మనిషి. బీపీ మాత్రలు రెండేళ్ళు వాడి, 130 వచ్చిందని, ఇంక తగ్గిపోయింది కదా అని మానేసి సంతలో కొన్న పొడి మొదలుపెట్టారు. నాలుగు నెలలు బాగానే ఉన్నారు. బీపీ పెరిగితే నొప్పి పుట్టదు కదా, బాగానే ఉంటారు. ఒకరోజు తెల్లవారుజామున మాట పడిపోయింది. కుడి చెయ్యి ఇప్పటికీ రాదు. "పొడి పనిచెయ్యలేదండి" అని ఆ ఇంట్లో ఎవరూ అనరు. "ఆయన టైమలా ఉంది" అంటారు. ఆ పొడి ఖాతాలో తగ్గినవాళ్ళు మాత్రమే ఉంటారు. పడిపోయినవాళ్ళు విధి ఖాతాలోకి వెళ్ళిపోతారు. వకీల్ చేసిందీ ఫ్రీస్ చేసిందీ సరిగ్గా దీనికి విరుగుడు: తగ్గనివాళ్ళని కూడా అదే పుస్తకంలో రాశారు.

మిగతా మూలికల గురించి నాలుగు ముక్కలు. వెల్లుల్లి కొద్దిగా తగ్గించొచ్చని కొన్ని పరీక్షల్లో వచ్చింది, మాత్ర మానేసేంత కాదు. గోంగూర కుటుంబానికి చెందిన ఎర్ర కాయల మొక్క ఉంది కదా, దాని టీ 65 మందికి ఆరు వారాలు ఇచ్చి చూశారు అమెరికాలో. 2010లో వచ్చిన ఫలితం ప్రకారం పై బీపీ 7 పాయింట్లు తగ్గింది, ఉత్తి టీ వాళ్ళకి 1 పాయింటు. బాగానే ఉంది, కానీ మనం గోంగూరని తినేది ఉప్పులో ఊరబెట్టి! అతిమధురం సంగతి ఇంకా ముఖ్యం. దగ్గుకి, గొంతుకి మంచిదని రోజూ నమిలేవాళ్ళున్నారు. అది ఎక్కువైతే ఒంట్లో ఉప్పు నిలిచి, పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది. చెట్టు మందే, పెంచుతుంది! ఎఫెడ్రా అనే చైనా మూలిక గుళికలు సన్నబడటానికని అమెరికాలో తెగ అమ్మారు. బీపీలు పెరిగి, పక్షవాతాలు, గుండెపోట్లు రిపోర్టయితే 2004లో నిషేధించారు. సూట్‌కేసులో డబ్బాలు తెచ్చే మిత్రులు గమనించాలి: అక్కడ ఆ గుళికలు అమ్మడానికి ముందు పనిచేస్తాయని రుజువు చూపక్కర్లేదు. 1994 నుంచీ చట్టం అలాగే ఉంది.

మన దగ్గర చట్టం లేకపోలేదు. బీపీ నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. 2024లో సుప్రీంకోర్టు గట్టిగా అడిగితే పతంజలి వాళ్ళు పేపర్లలో క్షమాపణ వేశారు. అయినా మా సంతలో పొడి అమ్మేవాడికి పేపరు ప్రకటన అవసరమే లేదు, వియ్యంకుడి తమ్ముడు చాలు.

సర్పగంధ మొక్కకి మాత్రం ఈ పేరు అచ్చిరాలేదు. వేరు కావాలంటే మొక్కని పీకాల్సిందే. వుడ్‌వర్డ్ 1956లో రెసర్పిన్‌ని ప్రయోగశాలలో తయారుచేసి చూపించాడు గానీ అది చాలా ఖర్చు, కంపెనీలు వేళ్ళనే కొన్నాయి. ఆఫ్రికాలోని దాని దాయాది మొక్క మీద కూడా పడ్డారు. 1990 నాటికి అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉండే మొక్కల జాబితాలో చేర్చాల్సి వచ్చింది.

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, "మూలికా? ఇంగ్లీషు మందా?" అన్నది తప్పు ప్రశ్న. సర్పగంధ రెండూను. వేరుగా ఉన్నప్పుడూ అదే పదార్థం, మాత్రగా మారినప్పుడూ అదే పదార్థం. మధ్యలో కలిసింది కొలత. ఎంత ఇచ్చాం, ఎందరికి తగ్గింది, ఎందరికి తగ్గలేదు, ఎవరికి చెడు చేసింది. ఆ కొలత మొదలుపెట్టింది ఢిల్లీలో, కలకత్తాలో, బొంబాయిలో మన వాళ్ళే. కాబట్టి "అది పరాయి సైన్సు" అనడం గణనాథ్ సేన్‌కీ, సిద్దిఖీకీ, వకీల్‌కీ అన్యాయం చెయ్యడమే. "మూలికలన్నీ బూటకం" అనడమూ అంతే.

మా నాన్నగారికి బీపీ మాత్ర ఉంది, రోజుకి టీ కన్నా తక్కువ ఖర్చు. మునగాకు కూడా మానలేదు, నేనూ మానమనలేదు, పప్పులో వేస్తే రుచిగానే ఉంటుంది. ఒక్కటే ఒప్పందం: వారానికి రెండుసార్లు మిషనుతో చూసి పాత డైరీలో రాయాలి, డాక్టరుగారికి చెప్పకుండా మాత్ర ఆపకూడదు. మొదట్లో గొణిగారు. ఇప్పుడు డైరీ ఆయనే తీస్తున్నారు, పక్కింటివాళ్ళవి కూడా రాస్తున్నారు. ఆవకాయ కొత్త జాడీ తీసిన వారం అంకెలు ఎలా ఉన్నాయో ఆయనే చూసుకుని జాడీని కొంచెం దూరం జరిపారు. పూర్తిగా కాదు, కొంచెం.

మీ ఊళ్ళో బీపీకి ఏ మూలిక చెప్తారో రాయండి. ఎవరికి తగ్గిందో చెప్తే సరిపోదు, ఎవరికి తగ్గలేదో కూడా రాయాలి సుమా!